లావుపాటి నాయిక, ఫిట్‌నెస్ కోచ్, నిదానంగా సాగే ప్రేమ: అపోహలు - వాస్తవాలు

పగలు ఆడవాళ్లకు వ్యాయామ శిక్షణ ఇస్తాను, రాత్రి సీరియల్ నవలలు రాస్తాను. ఈ రెండు పనులూ కలిసే కథ ఒకటుంది. తన ఒళ్లు తనకే నచ్చని అమ్మాయి, ఆమెకు శిక్షణ ఇచ్చే కోచ్, వాళ్లిద్దరి మధ్య ఆలస్యంగా పుట్టే ప్రేమ. స్లో బర్న్ రొమాన్స్ అని పాఠకులు పిలుచుకునే ఈ కోవలో రాయాలనుకునేవారు తమ చిత్తుప్రతులు నాకు చూపిస్తుంటారు. వాటిలో కనిపించే పొరపాట్లన్నీ దాదాపు ఒక్కచోటే పుడతాయి: నాయిక బరువే ప్రేమకు అడ్డం అనుకోవడం దగ్గర. నా అనుభవంలో అసలు అడ్డంకులు రెండు. ఒకటి, ఆమె తన ఒంటిని చూసుకునే తీరు. రెండోది, కోచ్‌గా అతడికి ఉన్న బాధ్యత. ఈ రెండూ తేలడానికి కాలం పడుతుంది కనుకే ఈ కథ నిదానంగా నడవాలి.

అపోహ: లావుగా ఉన్న నాయిక కథ ఎవరు చదువుతారు?

వాస్తవం: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ముగ్గురిలో ఇంచుమించు ఒకరు. మన ఇంట్లో, మన ఆఫీసులో, మనం ఎక్కే బస్సులో ఉన్న ఆమె కథలోకి వచ్చేసరికి నాయికకు స్నేహితురాలిగానో నవ్వించే పాత్రగానో మిగిలిపోతోంది. ఆమెను మధ్యలోకి తెచ్చి నిలబెడితే చదివేవాళ్లు బోలెడంతమంది.

అపోహ: చివరికి నాయిక సన్నబడాలి. లేకపోతే ఆమె గెలిచినట్టు కాదు.

వాస్తవం: ఒంటి బరువు తగ్గినంత మాత్రాన ఒంటి మీద ఉన్న అసహ్యం తగ్గదు. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లోనే ఈ సంగతి రాశాడు. ముఖంలోని లోపం సరిచేశాక కూడా కొందరు తాము వికారంగానే ఉన్నామని నమ్ముతూ ఉండటం ఆయన్ను ఆలోచనలో పడేసింది. కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని కూడా ఆయనే అన్నాడు. ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుందన్న ప్రచారం ఆ మాట నుంచి పుట్టిందే. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది. 21 రోజుల ఛాలెంజ్‌తో నాయికను మార్చేసే రచయితలు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

నా దగ్గర శిక్షణ తీసుకునేవారిలో పది కిలోలు తగ్గాక కూడా గ్రూప్ ఫోటోలో వెనక వరుస వెతుక్కునేవారున్నారు. పెద్దగా బరువు తగ్గకుండానే, బిగుతైన జాకెట్టు కుట్లు విప్పించి తన కొలతకు సరిచేయించుకుని పెళ్లిలో హాయిగా తిరిగినవారూ ఉన్నారు. నవల పట్టుకోవలసింది ఈ రెండో మార్పును. పెళ్లిచూపులకు ముందు "కాస్త తగ్గితే కళగా ఉంటావమ్మా" అనే పిన్ని, కూర్చోగానే పొట్ట మీదికి దిండు లాక్కునే చెయ్యి, ఎవరైనా ఫోను పైకెత్తగానే పక్కకు తిరగడం, వడ్డనలో రెండోసారి అన్నం అడగడానికి చుట్టూ చూడటం: ఇవి మొదటి భాగాల్లోనే పరచండి. తర్వాత ఒక్కొక్కటిగా మాయమవనివ్వండి. ఆమె దిండు లాక్కోవడం ఎప్పుడు మానేసిందో మీరు ఎత్తి చూపకపోయినా పాఠకురాలు కనిపెడుతుంది, ఎందుకంటే ఆ దిండు ఆమె ఒళ్లోనూ ఉంటుంది.

అపోహ: మూడు నెలల్లో గుర్తుపట్టలేనంతగా మారిపోవచ్చు.

వాస్తవం: కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 500 కేలరీలు తక్కువ పడేలా తింటూ, కదులుతూ ఉంటే వారానికి అరకిలోకు కాస్త అటూ ఇటూ తగ్గుతుంది. తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి ఆ వేగమూ నిలవదు. 12 వారాలకు ఐదారు కిలోలు. 85 కిలోల మనిషిలో ఆ తేడా మేనత్త కంటికి ఆనకపోవచ్చు. దానికి తోడు నెలసరి ముందు రోజుల్లోనూ, ఊరగాయ గట్టిగా తిన్న మర్నాడూ నీరు నిలిచి కిలో, ఒకటిన్నర కిలో పెరిగినట్టు యంత్రం చూపిస్తుంది. చిత్తుప్రతుల్లో మాత్రం భాగానికి రెండు కిలోల చొప్పున తగ్గుతూనే పోతుంది. అలాంటి కథ చదివిన అమ్మాయి నెల రోజులు కష్టపడి, రెండు కిలోలే తగ్గాయని ఏడుస్తూ నా దగ్గరికి వస్తుంది. రెండు కిలోలు మంచి ఫలితమని ఆమెకు నచ్చజెప్పడానికి నాకు చాలా సమయం పడుతుంది.

మరి మూడు నెలల్లో ఏం జరుగుతుంది? చాలా జరుగుతుంది. తొలి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్ల వస్తుంది. ఉన్న కండరాన్నే మరింత బాగా వాడుకోవడం మెదడుకు అలవాటవుతుంది, కండ పెరగడం తర్వాతి మాట. అందుకే చేత్తో ఊతం పట్టకుండా కుర్చీలోంచి లేవలేనామె కొన్ని వారాలకు ఛాతీ దగ్గర డంబెల్ పట్టుకుని స్క్వాట్ (గుంజీలా కూర్చుని లేవడం) చేస్తుంది. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలుంటుంది. ఇంతకాలం పక్కింటి అబ్బాయిని పిలిచినామె దాన్ని నడుము వంచకుండా, మోకాళ్లు వంచి తనే లేపి జరుపుతుంది. మూడో అంతస్తుకు మెట్లెక్కుతూ ఫోనులో మాట్లాడుతుంది. ఇవేవీ చుట్టాలకు కనిపించవు. వీటిని మొదట గమనించేది కోచ్. ఊరంతా ఆమె ఎంత లావుందో చూస్తున్నప్పుడు, ఆమె ఏం చేయగలుగుతోందో చూసే మనిషి ఒకడున్నాడు. ప్రేమకు బీజం వేయడానికి నాకు ఇంతకన్నా మంచి చోటు తెలియదు.

అపోహ: బరువులెత్తితే మగవాళ్లలా కండలొస్తాయి. చెమట పడితేనే కొవ్వు కరుగుతుంది. పొట్టకు వ్యాయామం చేస్తే పొట్టే తగ్గుతుంది.

వాస్తవం: మూడూ తప్పే. కండలు పెంచే టెస్టోస్టెరాన్ హార్మోన్ స్త్రీలలో పురుషులతో పోలిస్తే చాలా తక్కువ, చెమట ఒంటిని చల్లబరిచే నీరు, కొవ్వు ఎక్కడ ముందు తగ్గాలో మన వ్యాయామం నిర్ణయించలేదు. మీ నవలలో కోచ్ ఇలాంటి మాటలు చెబితే అతడి మీద నాకు నమ్మకం పోతుంది, నాయికకు ఎందుకు పోలేదో అర్థం కాదు.

అపోహ: ఆకలిని ఓర్చుకునే నాయికే పట్టుదల గలది.

వాస్తవం: ఈ అపోహ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. పొద్దున గ్లాసు నిమ్మరసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి ఏమీ లేదు. అయినా ఆమె జిమ్‌లో చెంగుచెంగున గంతులేస్తుంది, అతడు నవ్వితే సిగ్గుపడుతుంది. అలా జరగదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలల పాటు సగం ఆకలితో ఉంచి పరిశీలించాడు. యుద్ధానంతరం కరవుతో చిక్కిపోయినవారిని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. రోజుకు వాళ్లకు పెట్టినది సుమారు 1,570 కేలరీలు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో తిరిగే చాలా డైట్ చార్టుల్లో అంతకన్నా తక్కువే ఉంటుంది. ఆ యువకులు బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. బరువుతో పాటు పోయినవి ఇంకా ఉన్నాయి. పొద్దస్తమానం తిండి ఆలోచనే. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. చలి, నీరసం, చిరాకు, స్నేహితులకు దూరంగా జరగడం. ఆడపిల్లల మీద, ప్రేమ మీద ఆసక్తి పూర్తిగా సన్నగిల్లింది.

ప్రేమకథ రాసేవాళ్లు ఈ చివరి సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. ఆకలి మీదున్న మనిషికి ఎదుటివాడి కళ్లు కనిపించవు. నాయిక ప్రేమించాలంటే ముందు ఆమెకు అన్నం పెట్టండి. అన్నం అంటే అన్నమే. కోచ్ చేయవలసింది కంచంలో పాళ్లు మార్చడం: అన్నం కాస్త తగ్గి, పప్పు, కూర, పెరుగు, గుడ్డు పెరగాలి. భారతీయ వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి పెద్దలకు సూచించిన ప్రొటీన్ మోతాదు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మన ఇంటి వంటతోనే ఇది సాధ్యం, డబ్బా పొడి కొననక్కర్లేదు. డబ్బాలు అమ్మే కోచ్‌ను హీరోను చేయకండి.

ఇంకొక మాట. పైన చెప్పిన జాతీయ సర్వేలోనే దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నాలుగు అడుగులకే ఆయాసపడే నాయికను బద్ధకస్తురాలని తేల్చే ముందు, రక్తపరీక్ష చేయించుకోమని చెప్పే కోచ్‌ను రాయండి. థైరాయిడ్ గురించి, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య గురించి అడిగి తెలుసుకునేవాడిని రాయండి. నాకు అలాంటివాడే ప్రేమించదగ్గవాడిగా కనిపిస్తాడు.

అపోహ: గద్దించే కోచ్ వల్లే మార్పు వస్తుంది.

వాస్తవం: బరువు గురించి అవమానాలు పడినవారు వ్యాయామానికి మరింత దూరమవుతారని, తిండి మీద అదుపు మరింత కోల్పోతారని ఎన్నో పరిశోధనల్లో కనిపించింది. మొదటి రోజు నలుగురి ముందు నాయికను వెక్కిరించి, పదో భాగంలో "నీ మంచికే అన్నాను" అనే హీరోను పాఠకులు క్షమిస్తున్నారని రచయితలు నాతో వాదిస్తారు. నిజ జీవితంలో అలాంటి కోచ్ దగ్గరికి ఆమె రెండో రోజు రాదు. నెల ఫీజు పోయినా రాదు.

అపోహ: అతడు పక్కనుంటే గుండె దడదడలాడిందంటే అది ప్రేమే.

వాస్తవం: 1974లో డటన్, ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో వాంకూవర్ దగ్గరి కాపిలానో వేలాడే వంతెన మీద ఒక ప్రయోగం చేశారు. లోయకు సుమారు 70 మీటర్ల ఎత్తున ఊగే ఆ వంతెన మీద ఒక యువతి మగవాళ్లను ఆపి ప్రశ్నలడిగి తన ఫోను నంబరు ఇచ్చింది. గట్టి వంతెన మీద కలిసినవారి కన్నా, ఊగే వంతెన మీద కలిసినవారిలో ఎక్కువ మంది ఆమెకు తర్వాత ఫోను చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను వాళ్లు ఆకర్షణ అనుకున్నారని పరిశోధకుల వివరణ. జిమ్‌లో ప్రతి అరగంటకూ గుండె అలాగే కొట్టుకుంటుంది. అందుకే నా నవలల్లో మొదటి ప్రేమ సన్నివేశం జిమ్‌లో పెట్టను. ఇద్దరూ ఎక్కడో కూర్చుని, నాడి మామూలుగా ఉన్నప్పుడు, ఆమె వాళ్ల నాన్న ఆపరేషన్ గురించో అతడు తన అప్పు గురించో మాట్లాడుకుంటుండగా అది రావాలి. అప్పుడు వచ్చినదాన్ని ఆమె నమ్మగలదు.

అపోహ: ఇద్దరూ పెద్దవాళ్లే. ఇష్టపడితే తప్పేముంది?

వాస్తవం: ఇష్టపడటం తప్పు కాదు. కానీ కోచ్‌కు ఆమె బరువు, నడుము చుట్టుకొలత, నెలసరి తేదీ, ఏ మాటకు ఏడుస్తుందో కూడా తెలుసు. అతడి గురించి ఆమెకు తెలిసింది పేరు, ఫోను నంబరు. ఫీజు కట్టి, నమ్మకంతో చెప్పుకున్న విషయాలవి. ఆ అసమానత ఉన్నంతకాలం ఆమె 'ఊఁ' అన్నా, అది పూర్తిగా ఆమె ఇష్టమో కాదో ఆమెకే తెలియకపోవచ్చు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగిని అయి ఉండనక్కర్లేదు. చాలామంది కోచ్‌లకు, అంతకన్నా ఎక్కువగా శిక్షణకు వచ్చే స్త్రీలకు, ఈ సంగతి తెలియదు.

స్పర్శ విషయం మరీ ముఖ్యం. స్క్వాట్‌లో మోకాలు లోపలికి వంగుతుంటే మంచి కోచ్ ముందు నోటితో చెబుతాడు, తర్వాత తను చేసి చూపిస్తాడు, అప్పటికీ కుదరకపోతే "ముట్టుకుని సరిచేయవచ్చా అండీ?" అని అడుగుతాడు. ప్రతిసారీ అడుగుతాడు. వెనక నుంచి వచ్చి నడుము పట్టుకుని సరిచేసే సన్నివేశం నేను చదివిన చిత్తుప్రతుల్లో లెక్కలేనన్ని. అడగడంలో ఉన్న శృంగారం వాటిలో ఒక్కదానిలోనూ లేదు. ఒళ్లు ఎవరి కంటా పడకూడదని ఏళ్లుగా దాచుకున్న స్త్రీకి, తన అనుమతి కోసం ఒకడు ఆగి నిలబడటం ఎంత పెద్ద విషయమో రాసి చూడండి.

మరి ప్రేమ తెలిసొచ్చిన రోజున ఏం చేయాలి? ముందుగా కోచ్ ఆమెకు శిక్షణ ఇవ్వడం మానుకోవాలి. మరో కోచ్‌కు అప్పగించాలి, కారణం చెప్పకుండానే. మిగిలిన ఫీజు తిరిగి ఇవ్వాలి. నవలకు ఇది వరం. తనను వద్దనుకున్నాడని, తను మళ్లీ ఎవరికీ నచ్చలేదని ఆమె కుమిలిపోతుంది. పాత నాయిక అయితే జిమ్ మానేస్తుంది. ఈ నాయిక మర్నాడు కొత్త కోచ్ దగ్గర అదే బరువు ఎత్తుతుంది. ఆ రోజుకు ఆమె వ్యాయామం అతడి కోసం కాకుండా పోయిందని పాఠకులకు తెలుస్తుంది, ఆమెకూ తెలుస్తుంది. అతడు నోరు విప్పడానికి తగిన సమయం ఆ తర్వాతే వస్తుంది.

అపోహ: స్లో బర్న్ అంటే సాగదీత.

వాస్తవం: భాగానికొక అపార్థం, వర్షం, జారిపడటం పేర్చుకుంటూ పోతే అది సాగదీతే. నిదానమైన కథలో ప్రతి భాగంలోనూ వెనక్కి తీసుకోలేనిది ఒకటి జరగాలి. ఆమె మొదటిసారి తన అసలు బరువు పైకి చెబుతుంది. అతడు మొదటిసారి తన ఆకలి రోజుల గురించి, పోటీలకు ముందు నీళ్లు మానేసి కళ్లు తిరిగి పడిన రోజు గురించి చెబుతాడు, ఎందుకంటే కోచ్‌లలోనూ అద్దానికి భయపడేవాళ్లున్నారు. ఆ వైపు మన కథల్లో ఎవరూ తొంగి చూడటం లేదని నా బాధ. 'సర్' పోయి పేరు వస్తుంది, చాలా ఆలస్యంగా 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది. ముద్దు దాకా రావడానికి ఎన్ని భాగాలు పట్టినా పాఠకులు ఎదురుచూస్తారు. చివరి భాగంలో నాయిక బరువెంతో రాయమని అడిగేవారికి నేను రాయనని ముందే చెబుతున్నాను. ఆమె ఎంత బరువు ఎత్తిందో మాత్రం గ్రాములతో సహా రాస్తాను.