పాసైంది కాగితమా, డ్రిల్లరా? క్వారీ శిక్షణ, పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల రాతి క్వారీల్లో జాక్‌హ్యామర్ (రాతిలో హోల్ వేసే డ్రిల్) పట్టేవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చేది ఒకరు, పరీక్ష పెట్టేది ఇంకొకరు, ఆ కాగితం చూసి పనిలో పెట్టుకునేది క్వారీ యజమాని. ఒకరి మీద ఒకరు భారం వేసుకునే ఈ వరసలో కొన్ని నమ్మకాలు స్థిరపడిపోయాయి.

అపోహ: మాది రోడ్డు మెటల్ క్వారీ, గని కాదు. శిక్షణ నియమాలు మాకు వర్తించవు.

వాస్తవం: 1952 గనుల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది) రోడ్డు మెటల్, భవన రాయి, మొరం, మామూలు ఇసుక వంటివాటికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. ఆ మినహాయింపుకు షరతులున్నాయి. బయటి తవ్వకమైతే ఎత్తైన చోటు నుంచి లోతైన చోటికి 6 మీటర్లు దాటకూడదు. ఏ ఒక్క రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. పేలుడు మందు వాడకూడదు. మూడూ కలిసి ఉండాలి. కొండవాలులో మందు పెట్టి రాయి పగలగొట్టే క్వారీకి మూడో షరతు దగ్గరే మినహాయింపు పోతుంది. అక్కణ్నుంచి 1966 గనుల వృత్తి శిక్షణ నియమాలు మొదలు: ప్రాథమిక శిక్షణ లేని కొత్త మనిషిని పనిలో దించకూడదు, పాతవాళ్లకు ఐదేళ్లకోసారి పునశ్చరణ శిక్షణ ఇవ్వాలి.

అపోహ: ఏ సర్టిఫికెట్ అయినా ఒకటే.

వాస్తవం: వృత్తి శిక్షణ కేంద్రం ఇచ్చేది గని పనిలో దిగడానికి. స్కిల్ కౌన్సిల్ ఇచ్చేది ఒక పనిలో నైపుణ్యానికి. మేట్, ఫోర్‌మన్, బ్లాస్టర్ (మందు పేల్చేవాడు) సర్టిఫికెట్లు డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్) పరీక్ష పాసైతేనే వస్తాయి. జాక్‌హ్యామర్ ఆపరేటర్‌గా పాసైనవాడి చేత తూటాలు (పేలుడు మందు కడ్డీలు) పెట్టించడానికి ఆ కాగితం చెల్లదు.

అపోహ: 30 మంది బ్యాచ్, ఒకే రోజు పరీక్ష, అందరూ పాస్. శిక్షణ బాగా జరిగినట్టే.

వాస్తవం: ఇలాంటి ఫైలు చేతికొస్తే ముందు మార్కులు కాదు, గడియారం చూడాలి. డ్రిల్లింగ్ ప్రాక్టికల్ సరిగా పెడితే మనిషికి 20 నిమిషాలకు తగ్గదు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదలడం, హోస్ బిగింపులకు గొలుసు తగిలించడం, ఆయిల్ చూసుకోవడం, ముఖాన్ని (తవ్వుతున్న రాతి గోడను) పరిశీలించి వేలాడే రాళ్లు దించడం, హోల్ మొదలుపెట్టడం, కోణం, లోతు, చివర్లో రాడ్ బయటికి తీయడం: ఇవన్నీ చూడాలి. 30 మందికి 20 నిమిషాల చొప్పున 10 గంటలు. సైట్లో ఉన్నది ఒక్క మెషీన్, వచ్చింది ఒక్క అసెసర్ (పరీక్ష పెట్టి మార్కులు వేసే మనిషి), మధ్యాహ్నం రాతపరీక్ష కూడా అదే రోజు. లెక్క కుదరదు. అసలు జరిగేది ఏమిటంటే ఇద్దరు ముగ్గురు డ్రిల్ చేస్తారు, మిగతావాళ్లు మెషీన్ పట్టుకుని ఫోటో దిగుతారు.

తనిఖీకి బ్యాచ్ మొత్తం తిరగేయక్కర్లేదు. పాసైనవాళ్లలో నలుగురైదుగురిని మీరే ఎంచుకోండి, శిక్షణ కేంద్రం వాళ్లను ఎంచనివ్వకండి. ఆ పేర్ల మీద మార్కుల షీటు, హాజరు, ఫోటోల సమయం పక్కపక్కన పెట్టండి. అందరికీ అదే అంశంలో అవే మార్కులు పడ్డాయంటే అసెసర్ షీటును రాతి ముఖం ముందు నిలబడి నింపలేదు, సాయంత్రం గదిలో కూర్చుని నింపాడు. ఒకరిద్దర్ని మళ్లీ పిలిచి పది నిమిషాలు పని చేయించి చూస్తే మిగతాదీ తేలిపోతుంది.

ఇంకో సంగతి. ఏ రాతి మీద పరీక్ష పెట్టారన్నది షీటులో ఉండాలి. ఈ తూర్పు కనుమల్లో ఖోండలైట్ వానకూ ఎండకూ కుళ్లి, పొరలుగా ఊడిపోతుంది. చార్నొకైట్ గట్టిగా నిలబడి బిట్‌ను (డ్రిల్ మొనను) అరగదీస్తుంది. కేంద్రం ఆవరణలో దొర్లించిన బండ మీద హోల్ వేసినవాడికి డ్రిల్ పట్టడం వచ్చని తెలుస్తుంది. కుళ్లిన ముఖం కింద ఎక్కడ నిలబడాలో తెలుసా అన్నది ఆ బండ చెప్పదు.

అపోహ: నూటికి 70 వచ్చాయంటే పని వచ్చినట్టే.

వాస్తవం: ఆ 30 ఎక్కడ పోయాయన్నదే అసలు ప్రశ్న. బెంచ్ (మెట్టుగా తవ్విన రాతి అంచె) ఎత్తు ఎంతంటే 6 మీటర్లు అన్నాడు, అంచు నుంచి 3 మీటర్ల లోపు వదులు రాళ్లు ఉంచకూడదన్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు. కానీ పాత బ్లాస్ట్ మిగిల్చిన హోల్ అడుగును (సాకెట్) వెతకకుండా అందులోనే బిట్ పెట్టాడు. ఆ అడుగున పేలని మందు ఉండొచ్చు. పాత హోల్‌ను లోతు చేయడాన్ని నిబంధనలు నేరుగా నిషేధించింది అందుకే. మార్కుల కూడిక ప్రకారం ఇతను పాస్. నా లెక్కలో ఇతను ముఖం దగ్గరికి వెళ్లకూడదు.

అందుకే మార్కుల షీటులో కొన్ని అంశాలకు మార్కులు వద్దు, అవును - కాదు మాత్రమే ఉండాలి. 'కాదు' ఒక్కటి పడినా ఫెయిల్. డ్రిల్లర్‌కు: పాత హోళ్లు వెతకడం, వేలాడే రాయి దించకుండా కిందికి పోకపోవడం, నీళ్లు పెట్టి డ్రిల్ చేయడం, 1.8 మీటర్ల పైన పడే ప్రమాదం ఉన్నచోట బెల్టు. బ్లాస్టింగ్ సహాయకుడికి: తూటాను చెక్క కర్రతో మాత్రమే నెట్టడం, ఫ్యూజుతో కాల్చినప్పుడు పేలుళ్లు లెక్కపెట్టడం, లెక్క తగ్గితే 30 నిమిషాలు దగ్గరికి పోకపోవడం, ప్రమాద వలయంలో మనుషులు లేరని కాపలా పెట్టి నిర్ధారించుకోవడం. పరీక్షలో తూటాలు బంకమట్టివే వాడాలి. ప్రాక్టికల్ నిజంగా కనిపించాలని అసలు మందు తెప్పించే అసెసర్‌ను ఆ రోజే ఇంటికి పంపేయాలి.

అపోహ: ప్రశ్నపత్రం ఒడియాలోనో హిందీలోనో ఉన్నా పర్వాలేదు, మేస్త్రీ తెలుగులో చెప్తాడు.

వాస్తవం: ఈ జిల్లాల్లో పరీక్షను ఎక్కువగా చెడగొట్టేది ఇదే. కూలీ మాట్లాడేది తెలుగు, పక్కవాడిది సవర, ఇంకొకడిది కుయి. ప్రశ్న ఇంకో భాషలో. మేస్త్రీ ప్రశ్నతో పాటు జవాబు కూడా చెప్పేస్తాడు, పైగా అతని కూలీలు పాస్ కావడం అతనికే అవసరం. డ్రిల్లర్‌కు చదువు వచ్చా రాదా అన్నది కొలవడానికి మనం రాలేదు. నోటిమాటతో అడగండి. బొమ్మలు చూపి ఇందులో తప్పేంటో వేలు పెట్టి చూపమనండి. దుబాసీ వేరే సైటు మనిషై ఉండాలి. ప్రశ్న, అనువాదం, జవాబు మూడూ ఫోన్‌లో రికార్డు కావాలి. సైరన్ మోత, ఎర్ర జెండా అర్థాలు మాటల్లో అడగడం కన్నా మోగించి, ఎటు పరుగెత్తుతాడో చూడటం మేలు.

అపోహ: లొకేషన్, టైము పడిన ఫోటోలు ఉన్నాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

వాస్తవం: మనిషి అక్కడున్నాడని ఫోటో చెప్తుంది, పని వచ్చని చెప్పదు. మొదటి హోల్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి రాడ్ తీసేవరకు కత్తిరించని వీడియో ఒకటి వంద ఫోటోలకు సమానం.

అపోహ: ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి మళ్లీ పరీక్షేంటి?

వాస్తవం: అనుభవంతో వచ్చిన నైపుణ్యాన్ని గుర్తించే పద్ధతిలోనూ పరీక్ష తప్పదు. అనుభవం చేతికి వేగం ఇస్తుంది, దాంతోపాటే తప్పుడు అలవాట్లనూ ఇస్తుంది. పొడి డ్రిల్లింగ్, ముఖానికి తువ్వాలు అందులో మొదటివి. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే ధూళి కంటికి కనిపించనంత సన్నంగా ఉంటుంది, తువ్వాలు దాన్ని ఆపలేదు. అనుభవజ్ఞులకు హోల్ వేయించి మార్కులు ఇవ్వడం సులువు, వాళ్లు బాగానే వేస్తారు. వాళ్లను ఆపి అడగాల్సింది: నీళ్లు రాకపోతే ఏం చేస్తావు? మేస్త్రీ తొందరపెడితే? పక్క హోల్‌లో మందు పేలలేదని తెలిస్తే కొత్తది ఎంత దూరంలో, ఏ కోణంలో వేస్తారు? పాతదానికి ఎక్కడా 30 సెంటీమీటర్ల కన్నా దగ్గర కాకూడదు, అది కూడా బ్లాస్టర్ దగ్గరుండి చూపిన చోటే, అన్న జవాబు రావాలి. "మేం చూసుకుంటాం సార్" అంటే సున్నా.

అపోహ: శిక్షకుడికే తన బ్యాచ్ బాగా తెలుసు, అతనే మార్కులు వేస్తే నయం.

వాస్తవం: శిక్షణ మధ్యలో పెట్టే చిన్న పరీక్షలకు సరే. చివరి పరీక్షకు కాదు. బయటి అసెసర్‌కు క్వారీలో పని చేసిన అనుభవం ఉందా అని కూడా అడగండి. ఏసీ గదిలో ట్యాబ్ నొక్కడం మాత్రమే తెలిసినవాడు సాకెట్‌కూ కొత్త హోల్‌కూ తేడా పట్టలేడు.