పచ్చి కుట్ల మీద పప్పు పెట్టొచ్చా? పెద్ద జబ్బు తర్వాత తిండి గురించి అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే చాలు, క్యారియర్లు పట్టుకుని బంధువులు వస్తూ ఉంటారు. డైటీషియన్‌గా వార్డుకి వెళ్లగానే నేను ముందు ఆ క్యారియర్ మూత తీయించి చూస్తాను. పై గిన్నెలో మిరియాల చారు, కింద మెత్తగా ఉడికించిన అన్నం, మూడో గిన్నెలో పాలల్లో నానిన బ్రెడ్డు. ప్రేమగా తెచ్చిందే, కాదనను. కానీ జబ్బు పడి లేచిన మనిషికి మళ్లీ కండ పట్టడానికి కావాల్సింది అందులో చాలా తక్కువ.

అపోహ: పప్పు తింటే కుట్లు చీము పడతాయి

"అదేంటమ్మా, పచ్చి కుట్ల మీద పప్పు పెడతారా ఎవరైనా?" అని పేషెంట్ల అత్తగార్లు, అమ్మమ్మలు నన్నే నిలదీస్తారు. వాళ్ల మీద నాకు కోపం రాదు. ఎవరికో చీము పట్టి నానా అవస్థా పడటం కళ్లారా చూసినవాళ్లే ఆ మాట అంటారు.

గాయంలో బ్యాక్టీరియా చేరితే చీము పడుతుంది. షుగర్ అదుపులో లేకపోతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. దీనిలో పప్పు ప్రమేయం ఏమీ లేదు. పైగా తెగిన చోట కొత్త చర్మం, కండ రావాలంటే ప్రొటీన్ కావాలి, విటమిన్ సి కావాలి. పప్పు, గుడ్డు, చేప మాన్పించి చారన్నం మీద ఉంచితే గాయం మానడం ఆలస్యమవుతుంది.

లెక్క చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు. పెద్ద జబ్బు నుంచి కోలుకునేవాళ్లకి మేం మామూలుగా 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా చెబుతాం. అంటే 55 కిలోల మనిషికి రోజుకి 66 గ్రాములకి తగ్గకూడదు. మూడు పూటలా చారన్నం తింటే 15 గ్రాములు రావడమే కష్టం.

మరి 66 ఎలా వస్తాయి? పొద్దున రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు: 10. పదకొండింటికి గ్లాసు పాలు: 6. మధ్యాహ్నం అన్నంలో గట్టి పప్పు, ఆ తర్వాత కప్పు పెరుగు: 17. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు: 6. రాత్రి కొంచెం అన్నం, రెండు చేప ముక్కలు: 21. పడుకునే ముందు మళ్లీ పాలు: 6. అన్నీ మన వంటింట్లో ఉండేవే. గుడ్డు, చేప ముట్టనివాళ్లకి నేను మొదట చెప్పేది పెసరట్టు. పొట్టు పెసలతో పోసిన రెండు అట్లలో 14 గ్రాముల దాకా ఉంటుంది. అల్లం వేసుకోండి, ఉప్మా మాత్రం వద్దు.

అపోహ: ఆకలి వేసినప్పుడు పెడితే చాలు

తిండిలో క్రమశిక్షణ అంటే అందరూ మానేయాల్సినవాటి జాబితా అడుగుతారు. నేను గడియారం చూపిస్తాను. జబ్బు తర్వాత నోరు చేదుగా ఉంటుంది, ఆకలి సరిగా తెలియదు. ఆకలి కోసం చూస్తూ కూర్చుంటే పూటలు జారిపోతాయి. రెండున్నర, మూడు గంటలకోసారి, ఆకలి ఉన్నా లేకపోయినా, కొంచెమైనా తినాలి. గిన్నెలో ముందు పప్పు, గుడ్డు, పెరుగు ఖాళీ చేసి, తర్వాత చారు, మజ్జిగ తాగాలి. ముందే చారుతో కడుపు నింపితే ముద్ద దిగదు. రోహిణి కార్తె ఎండల్లో విజయవాడలో మామూలు మనిషికే అన్నం సయించదు కాబట్టి, ఆ రోజుల్లో పెద్ద భోజనాన్ని పొద్దున ఎనిమిదిలోపు పెట్టమంటాను.

అపోహ: బరువు పెరిగితే కోలుకున్నట్టే

సున్నుండలు, హార్లిక్స్, గ్లూకోజు నీళ్లతో నెలలో మూడు కిలోలు పెరిగి, మెట్లెక్కలేక రెయిలింగ్ పట్టుకునేవాళ్లని చూస్తుంటాను. పెరిగిందాంట్లో ఎక్కువ కొవ్వే. పెద్దవయసు వాళ్లు పది రోజులు మంచం మీద ఉన్నా కాళ్లలో కండ బాగా తగ్గిపోతుంది, తిండి ఒక్కటే దాన్ని వెనక్కి తేలేదు. డాక్టర్ సరేనన్నాక, చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. మొదట్లో నాలుగుసార్లకే ఆయాసం వస్తే అక్కడే ఆపండి. వారం వారం ఎన్నిసార్లు లేవగలిగారో రాసుకోండి. బరువు కంటే నేను ఆ అంకెనే నమ్ముతాను.

అపోహ: నీరసంగా ఉన్నారు కదా, ఒకేసారి బాగా పెట్టాలి

ఇది నిజంగా ప్రమాదం. వారం, పది రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోవచ్చు. గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదకీ రావొచ్చు. అలాంటివాళ్లకి ఎంత పెట్టాలన్నది ఆసుపత్రిలో రక్త పరీక్షలు చూస్తూ కొద్దికొద్దిగా పెంచాల్సిందే, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

పాయా సూప్ సంగతీ ఇక్కడే చెబుతాను. వేడివేడిగా తాగితే హాయిగా ఉంటుంది, కానీ అది చాలావరకు నీళ్లే. అందులోని ప్రొటీన్ కండ కట్టడానికి గుడ్డంత బాగా పనికిరాదు. సూప్ తాగించి, పూట గడిచిందనుకోవద్దు.

అపోహ: డెంగీ వస్తే కివీ పండ్లతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి

జబ్బు దిగేకొద్దీ ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. విటమిన్ సి కోసమైతే మన జామకాయ చాలు, ధరా తక్కువ.

అపోహ: కామెర్లకి ఉప్పు, నూనె లేని తిండే మందు

కడుపు తిప్పుతున్న రోజుల్లో నూనె తగ్గించండి, అంతే. వికారం తగ్గాక మామూలు ఇంటి వంట తినొచ్చు. నీరు పట్టినవాళ్లకి ఉప్పు ఎంత తగ్గించాలో డాక్టర్ చెబుతారు. పసరు మందు మాత్రం వద్దు. దెబ్బతిన్న లివర్ మీద ఇంకో భారం వేయకండి.

అపోహ: టీబీకి మాత్రలు వేసుకుంటే చాలు

మాత్రలు ఒక్క రోజూ ఆపకూడదు. తిండి కూడా వైద్యంలో భాగమే కాబట్టే, టీబీ రోగుల పోషకాహారం కోసం కేంద్రం నడిపే నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి ఇచ్చే 500 రూపాయలని 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వకపోతే డబ్బు పడదు, టీబీ విభాగంలో అడగండి. ఆ డబ్బుని గుడ్లు, పప్పు, వేరుశనగకి పెట్టండి, డబ్బా పొడులకి కాదు.

అపోహ: కొబ్బరి నీళ్లు ఎవరికైనా మంచివే

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అందులోని పొటాషియం ప్రమాదం. పైన చెప్పిన ప్రొటీన్ లెక్క కూడా వాళ్లకి వర్తించదు. డయాలసిస్ లేనివాళ్లకి తగ్గించాలి, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి పెంచాలి. డిశ్చార్జి కాగితంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపేది), పొటాషియం అంకెలు ఉంటాయి. డైటీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ కాగితం కూడా తీసుకెళ్లండి.