ముందు చీరలు లెక్కపెట్టండి: అలమరల పనిలో అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని మా బరంపురంలో అలమర చేయించుకోవాలని వచ్చేవారు ముందుగా అడిగే మాట ఒకటే: "అమ్మా, గోడ తొమ్మిది అడుగులుంది, ఎంతవుతుంది?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "చీరలు ఎన్ని ఉన్నాయి?" చాలామంది నవ్వుతారు. కొందరు పక్కనున్న అత్తగారి వైపు చూసి నవ్వు ఆపుకుంటారు.

ఇటు ఛత్రపురం నుంచి అటు పర్లాకిమిడి, గుణుపురం వరకు, మధ్యలో సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలోనూ పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అలమర చేయించుకునేవారు తలుపు రంగు చూస్తారు. చేసేవారు ఫోనులో ఆ తలుపు ఫోటోనే పెడతారు. లోపల ఏముందో ఇద్దరికీ పట్టదు. కింద రాసిన అపోహల్లో కొన్ని కొనేవారివి, కొన్ని ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారివి. రెండు మూడు ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: గోడ ఎంత పొడవుంటే అంత అలమర కట్టిస్తే సామానంతా పట్టేస్తుంది.

వాస్తవం: చాలా అలమరల్లో సగం చోటు గాలికే పోతుంది. రెండు అరల మధ్య 15 అంగుళాల ఎత్తు ఉంటుంది, అందులో ఆరంగుళాల మేర బట్టలు, పైనంతా ఖాళీ. ఆ ఖాళీ చూడలేక ఇంకో పది చీరలు పేరుస్తాం. అడుగు చీర లాగిన రోజు దొంతర మొత్తం కూలుతుంది.

పర్లాకిమిడిలో ఒక ఇంట్లో కొలతలకు వెళ్లినప్పుడు చీరలన్నీ మంచం మీద పరవమన్నాను. పట్టువి 38, రోజూ కట్టేవి 60కి పైనే. పట్టులో తొమ్మిది మా బరంపురం పట్టు, కుంభం అంచువి. అన్నింటినీ హ్యాంగర్లకు వేలాడదీయాలని ఆవిడ కోరిక. ఒక చీరను హ్యాంగరుకు వేసి టేపు పెట్టాను. కడ్డీ నుంచి చీర అంచు దాకా 30 అంగుళాలు. పాత అలమరలో ఆ గది ఎత్తు 66. అంటే చీర కింద మూడడుగుల చోటు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. ఆ చోటులో ఒక పాత సూట్‌కేసు, చిరిగిన గొడుగు దాక్కున్నాయి.

రోజువారీ చీరలకు పైన ఒకటి, కింద ఒకటి రెండు కడ్డీలు పెట్టాం. బరువైన జరీ ఉన్న పట్టు చీరలను వేలాడదీయవద్దని చెప్పాను. వాటి బరువంతా ఒకే మడత మీద పడి, అక్కడే చిరుగు మొదలవుతుంది. వాటిని దొంతరకు ఆరుకు మించకుండా మడతపెట్టి ఉంచాలి. 38 చీరలకు ఏడు దొంతరలు. 30 అంగుళాల వెడల్పు అరలో రెండు దొంతరలు పడతాయి కాబట్టి నాలుగు అరలు. అరకు ఎనిమిది అంగుళాల ఎత్తు ఇస్తే, పలకల మందం కలుపుకున్నా మూడడుగుల లోపే సరిపోయింది. తొమ్మిది అడుగులనుకున్న అలమర ఏడున్నరకు దిగింది. నా బిల్లు కూడా దిగింది, ఆ బాధ వేరు.

మరో మాట. 18 మిల్లీమీటర్ల పలకను మూడడుగులకు మించి ఆధారం లేకుండా వేస్తే, బట్టల బరువుకు ఏడాది తిరగకుండానే నడుము వంగుతుంది.

అపోహ: స్లైడింగ్ తలుపులైతే చోటు కలిసివస్తుంది.

గదిలో కలిసివస్తుంది, అలమరలో పోతుంది. రెండు తలుపులు ఒకదాని వెనుక ఒకటి జరగాలంటే పట్టాలకే మూడు నాలుగు అంగుళాలు కావాలి. హ్యాంగరు వెడల్పే 17, 18 అంగుళాలు. మామూలు తలుపుల అలమరకు 24 అంగుళాల లోతు చాలు. అదే లోతులో స్లైడింగ్ పెడితే చొక్కా చేతులు తలుపుకు రాసుకుంటాయి, ఏదో ఒకరోజు పట్టాలో ఇరుక్కుంటాయి. లోతు 27 చేయగలిగితేనే స్లైడింగ్ పెట్టించుకోండి. మంచానికీ అలమరకూ మధ్య రెండడుగులు కూడా లేని గదుల్లో మాత్రం నేనే పెట్టమంటాను.

అపోహ: మెరైన్ ప్లై, అంటే నీటికి తట్టుకునే ప్లైవుడ్, వేయిస్తే ఇక ఏ భయమూ లేదు.

ఇది నాకు డబ్బూ పరువూ రెండూ పోగొట్టిన అపోహ. మెరైన్ ప్లైకి ఉన్న భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 710. ఆ ముద్ర ఉన్న ప్లైని పరీక్షలో 72 గంటలు నీళ్లలో మరిగిస్తారు, పొరలు విడిపోకూడదు. అంటే ఆ పరీక్ష జిగురుకు. పలక వెనుక గోడ చెమ్మకు అది సమాధానం కాదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా దగ్గరి గోపాలపురం (గోపాల్‌పూర్) వద్ద తీరం దాటింది. దాని తర్వాత మా ఊళ్లో ఎన్నో ఇళ్ల బయటి గోడలు నెలల తరబడి చెమ్మగా ఉన్నాయి. నేను పనికి కొత్త. అలాంటి ఒక గోడకు అతికినట్టు, ఖరీదైన మెరైన్ ప్లైతోనే అలమర కట్టించాను. రెండో వానాకాలానికి ఆ ఇంటావిడ కబురు చేశారు. ప్లై చెక్కుచెదరలేదు. కానీ వెనుక పలక మీద బూడిదరంగు బూజు, ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఆవిడ పెళ్లి చీర మీద పసుపు మరకలు, జరీ నల్లబడింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. చీర నా చేతిలో పెట్టి చూడమన్నారు, అంతే.

అప్పటి నుంచి నాకొక పద్ధతి ఉంది. ముందు గోడకు అరచేయి ఆనించి చూస్తాను. చెమ్మ తగిలితే దాని సంగతి తేలేవరకు అడ్వాన్సు తీసుకోను. బయటి గోడకూ వెనుక పలకకూ మధ్య అంగుళం ఖాళీ వదిలి, పైనా కిందా గాలి ఆడే దారి పెడతాను. అలమరను నేల మీద కాకుండా నాలుగంగుళాల దిమ్మె మీద నిలబెడతాను. కోసిన ప్రతి అంచుకూ, కంటికి కనబడని వెనుక అంచుకు కూడా, పట్టీ అతికిస్తాను. పట్టు చీరలను ప్లాస్టిక్‌లో పెట్టవద్దు. ఉతికిన పలచని నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. నాఫ్తలీన్ ఉండలు చీరకు తగలకూడదు, గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి.

అపోహ: తలుపు లోపలి వైపు లామినేట్ (పలక మీద అతికించే పలచని పొర) దండగ, ఎవరు చూస్తారు?

తలుపు చూస్తుంది. ఒక వైపే లామినేట్ అతికిస్తే ఆ వైపూ ఈ వైపూ చెమ్మను ఒకేలా పీల్చవు, ఏడడుగుల తలుపు విల్లులా వంగుతుంది. అంత తలుపు బరువు 20 కిలోల దాకా ఉంటుంది కాబట్టి, కీలు కూడా నాలుగుకు తగ్గకూడదు.

అపోహ: చదరపు అడుగు ధర తెలిస్తే ఖర్చు తెలిసినట్టే.

ఎనిమిది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు: లెక్కకు 56 చదరపు అడుగులు. అది తలుపుల ముఖం కొలత. ఇప్పుడు లోపలికి రండి. నాలుగు గదులంటే ఐదు నిలువు పలకలు, అవి 70. పైనా కిందా కలిపి 32. పన్నెండు అరలు 48. తలుపులు 56. అన్నీ కలిపితే 206. ఒక షీటు 32 చదరపు అడుగులు, కోత తరుగుతో ఏడు షీట్లు కావాలి. వెనుక పలక, సొరుగుల లెక్క వేరే. ధర తగ్గించి చెప్పినవారు ఈ లోపలి లెక్కలో ఎక్కడో కోత పెట్టి తీరాలి. అరలు పన్నెండు కాస్తా ఏడవుతాయి, సొరుగులు ఆరు కాస్తా రెండవుతాయి. ముఖం మాత్రం 56 గానే ఉంటుంది.

అపోహ: అలమర పైనుండే అటక అందదు కాబట్టి వృథా.

రెండేళ్లకోసారి జరిగే మా ఊరి అమ్మవారి జాతర, ఠకురాణి యాత్రకు చుట్టాలు దిగినప్పుడు ఆ పరుపులు, దుప్పట్లు ఎక్కడి నుంచి తీస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక ఫోను సంగతి. మా రంగంలో కొత్తవారు రంపం పట్టుకునే సమయం కంటే దీని గురించి బెంగపడే సమయమే ఎక్కువగా ఉంది.

అపోహ: లక్షమంది చూస్తే ఆర్డర్లు వాటంతట అవే వస్తాయి.

మా కుర్రవాడు తీసిన ఒక రీల్, సొరుగులు మెత్తగా మూసుకునేది, మా లెక్కకు విపరీతంగా తిరిగింది. హైదరాబాదు, బెంగళూరు నుంచి ధరలు అడిగారు. ఒక్క ఆర్డరూ రాలేదు. నేను అంత దూరం వెళ్లి అలమర బిగించను, వాళ్లకూ నన్ను పిలిచే పని లేదు. అదే వారం, పర్లాకిమిడి ఇంట్లో చీర మీద టేపు పెట్టిన ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే, అదే వీధి నుంచి ఇద్దరు ఫోను చేశారు. మన పనికి కావలసింది మనం చేరుకోగల ఊళ్లవారు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ కూడా మన నంబరు సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. అందుకే కొలతలకు వెళ్లిన రోజే, టీ తాగుతూ, నంబరు సేవ్ చేయిస్తాను.

అపోహ: నెట్‌లో దొరికిన అందమైన ఫోటోలతో పేజీ నింపితే పెద్ద సంస్థలా కనిపిస్తాం.

అవి ఇంకొకరి సొత్తు, అది మొదటి తప్పు. రెండోది మన మెడకే చుట్టుకుంటుంది: చూసినవారు అదే కావాలంటారు. చలిదేశాల అలమరలో పొడవాటి కోట్లు, బూట్ల అరలు ఉంటాయి. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే ఆగుతాయి. మీరు చేసిన మూడు పనులే ఉంటే ఆ మూడే పెట్టండి.

అపోహ: ఖాళీ అలమర ఫోటోనే శుభ్రంగా ఉంటుంది.

ఖాళీ అలమర ఎవరు చేసినా ఒకేలా ఉంటుంది. రెండు నెలల తర్వాత, బట్టలు సర్దుకున్నాక వెళ్లి తీయండి. ట్యూబులైటు ఆర్పి, పొద్దుటి వెలుతురులో, ఫోను అద్దం తుడిచి, గుండె ఎత్తున పట్టుకుంటే చాలు.

కానీ అడిగి తీయండి. ఒకసారి మా కుర్రవాడు సొరుగు వెనుక ఉన్న రహస్యపు అరను కూడా వీడియోలో గర్వంగా చూపించాడు. సాయంత్రానికి ఇంటాయన ఫోను: "ఏమ్మా, మా బంగారం ఎక్కడుందో ఊరంతా చూసినట్టుందే!" వీడియో తీసేశాం. మర్నాడు వెళ్లి ఆ అరను నా ఖర్చుతో వేరే చోటికి మార్చాను. లాకరు, ఇంటి ముందు భాగం, పిల్లల ఫోటోలు ఇప్పుడు మా కెమెరాకు కనబడవు.

అపోహ: ఇంగ్లీషులో రాస్తేనే విలువ.

ఒడిశాలో తెలుగువారి సంగతి తెలిసినవారు ఈ మాట అనరు. ఇక్కడ చాలా ఇళ్లలో ఇంటి మాట తెలుగు, బడి చదువు ఒడియా. పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరాలు మాత్రం చదవలేరు. వాళ్ల నాయనమ్మలు తెలుగు చదువుతారు, ఒడియా వింటారు. అందుకని వీడియోలో నేను తెలుగులో మాట్లాడతాను, తెర మీద అక్షరాలు ఒడియాలో వేయిస్తాను, కింద నాలుగు వాక్యాలు తెలుగులో రాస్తాను. అలమర ఎవరు కొనాలో తేల్చేది నాయనమ్మ, ఫోను పట్టుకునేది మనవరాలు.

అపోహ: రోజుకొక పోస్టు పెట్టకపోతే జనం మరిచిపోతారు.

పెళ్లి ఉన్న ఇల్లు మరిచిపోదు. మాఘంలో పెళ్లంటే అలమర కోసం వెతుకులాట కార్తీకంలోనే మొదలవుతుంది. నా పోస్టుల్లో సగం ఆ నెలలోనే.

అపోహ: ధర బయటపెట్టకూడదు, "మెసేజ్ చేయండి" అంటే చాలు.

మెసేజ్ చేయరు, పక్క పేజీకి వెళతారు. నేను ఒక పూర్తయిన పని ఫోటో కింద వివరాలన్నీ రాస్తాను: కొలత, ప్లై రకం, అరలు, సొరుగులు, వెనుక పలక, కీలు, మొత్తం ధర. పోటీవారు చూస్తారని తోటివారి భయం. చూస్తారు. గుణుపురంలో ఒకాయన నా పట్టికను వేరే పనివారికి చూపించి, అంతకంటే తక్కువకు చేయించుకున్నారు. ఆ ఆర్డరు పోయింది. కిందటి శ్రావణంలో ఆయనే ఫోను చేశారు. నా పట్టికలో ఐదో వరుస, వెనుక పలక, అక్కడ వేయనే లేదట. అలమర తలుపు తెరిస్తే ఎదురుగా గోడ సున్నం, దానికి ఆనుకుని కోడలి చీరలు. వెళ్లి ముందు గోడకు అరచేయి ఆనించి చూశాను. పొడిగానే ఉంది. ఆ రోజే పలక కోయించాను.