ఉద్దానంలో లేని గుట్టలు: గేమ్ నేలపై అపోహలు - వాస్తవాలు

గేమ్‌ల కోసం కొండలు, ఏర్లు, నేల తయారు చేయడం నా పని. శ్రీకాకుళంలో ఉండే చేస్తున్నాను. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు తరచూ అనే మాటలకి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: "ఊహాలోకమే కదన్నా, దానికి క్యూజీఐఎస్ ఎందుకు?"

క్యూజీఐఎస్ అంటే మ్యాపులు, నేల ఎత్తుల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్. ఇచ్చింది నిజం నేలా కాదా అని అది అడగదు. నేలని గళ్లుగా విడగొట్టి, గడికో ఎత్తు, ఒక్కో గడి ఎన్ని మీటర్లో చెబితే చాలు. మీరు చేత్తో చెక్కిన కొండని హైట్‌మ్యాప్‌గా (గడిగడికీ ఎత్తుని దాచే బొమ్మ) తీసి స్లోప్ మ్యాప్ (ఎక్కడ ఎంత వాలో చూపే పటం) వేయండి. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో క్యారెక్టర్ కంట్రోలర్ (పాత్రని నడిపే భాగం) మామూలుగా 45 డిగ్రీలు దాటిన వాలు ఎక్కదు. ఆ వాలుకి ఎర్ర రంగు వేస్తే, ఆడేవాడు ఎక్కడ ఆగిపోతాడో ముందే తెలుస్తుంది.

అపోహ: శాటిలైట్ డేటా దింపుకుంటే అసలు నేల వచ్చేసినట్టే.

ఎక్కువ పని చెడగొట్టేది ఇదే. చాలామంది వాడే ఎస్ఆర్‌టీఎం (భూమి ఎత్తులు కొలిచిన రాడార్ సర్వే) ఎత్తులు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినవి. గడి సుమారు 30 మీటర్లు. పది మీటర్ల వెడల్పున్న గెడ్డ (వాగు) అందులో కనబడదు. పైగా రాడార్ నేల దాకా పూర్తిగా దిగదు, చెట్ల గుబుర్ల ఎత్తు కూడా కలిపేస్తుంది.

ఉద్దానం తీరాన్ని మొదటిసారి గేమ్‌లోకి తెచ్చినప్పుడు చదునుగా ఉండాల్సిన ఇసుక నేల మీద గుట్టలు లేచాయి. ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూస్తే, గుట్ట ఉన్న ప్రతిచోటా కొబ్బరి తోటే. ఆ గుట్టల మీద నేను మళ్లీ కొబ్బరి చెట్లు నాటాను కూడా! 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటల్ని పడగొట్టింది. డేటాలో మాత్రం పాత తోటల ఎత్తు ఇంకా అలాగే ఉంది. చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. అందుకే తోటల హద్దులు గీసి, ఆ మేరకి ఎత్తు తగ్గించి, తర్వాతే చెట్లు పెడతాను.

అపోహ: నీటి దారి గీయాలంటే గుంటలన్నీ పూడ్చేయాలి.

డేటా లోపంతో పడిన గుంటల్ని పూడ్చాలి, నిజమే. కానీ సోంపేట బీల లోపం కాదు, నీళ్లు నిలిచే పల్లం. ఫిల్ సింక్స్ (గుంటలు పూడ్చే టూల్) నొక్కితే అదీ, గట్టు వెనకాల చెరువూ బల్లపరుపు అయిపోతాయి. నీటి దారి లెక్కకి పూడ్చిన కాపీ వాడండి. గేమ్‌లోకి మాత్రం అసలు పల్లం ఉన్నదే పంపండి.

అపోహ: జిల్లా అంతా ఒకే యూటీఎం జోన్.

యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్‌లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి. 44, 45 జోన్‌ల హద్దైన 84 డిగ్రీల తూర్పు రేఖ మన జిల్లా మధ్యలోంచి పోతుంది. శ్రీకాకుళం పట్టణం 44లో, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. టెన్షన్ పడక్కర్లేదు. మొత్తానికి 44నే ఖాయం చేసుకున్నా ఇచ్ఛాపురం దగ్గర కిలోమీటరుకి మీటరున్నర తేడా వస్తుంది, అంతే. డిగ్రీల్లో మాత్రం వదిలేయకండి, వాలు లెక్క మొత్తం తప్పుతుంది.

అపోహ: హైట్‌మ్యాప్‌కి 8 బిట్ చాలు.

చాలదు. మహేంద్రగిరి 1,501 మీటర్లు. 8 బిట్‌లో ఉండే 256 మెట్లలో ఆ ఎత్తుని సర్దితే ఒక్కో మెట్టు దాదాపు ఆరు మీటర్లు, కొండంతా మెట్లమెట్లుగా కనబడుతుంది. 16 బిట్‌లో మెట్టు రెండు సెంటీమీటర్ల పైచిలుకే.