కేసీ కాలువకు వాటా ఉంది, నిల్వ లేదు

కర్నూలు-కడప (కేసీ) కాలువ కోసం తుంగభద్ర మీద గుండ్రేవుల జలాశయం కట్టాలన్న డిమాండ్ మళ్ళీ ముందుకొచ్చింది. కాటన్ దొర ప్రతిపాదన, కాలువ తవ్విన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ, కాలువ మొదలయ్యే సుంకేసుల ఆనకట్ట కథ కర్నూలు, కడప రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1871.

ఆ ఏడాదికి కాలువ సుంకేసుల నుంచి కడప దాకా వచ్చింది. అదే ఏడాది మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా వచ్చిన రైలు మార్గం రాయచూరులో బొంబాయి లైనుతో కలిసింది. కంపెనీ ఈ కాలువను పొలాలకే కాదు, సరుకు పడవలకు కూడా తవ్వింది. లాకులు అందుకే కట్టింది. కర్నూలులో హంద్రీ నది కింద పారుతుంటే కాలువ అక్విడక్టు మీదుగా దాటిపోతుంది. అంత కట్టడానికి వెనకాడని కంపెనీకి, ప్రభుత్వం 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చిన 10 లక్షల పౌండ్లు చాలనే లేదు. ఎగువన జలాశయాలు కట్టి వర్షాకాలపు నీళ్ళు నిలపాలన్న ఆలోచన కాగితాల మీదే ఆగిపోయింది. సరుకేమో రైలెక్కింది. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకునే రైతులు వాన పడిన ఏడాది డబ్బు కట్టి నీళ్ళు తీసుకోలేదు. 1876-78 కరువులో గానీ కాలువ విలువ తెలిసిరాలేదు. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది, జలాశయాల లోటుతో సహా.

ఆ లోటే నేటికీ వేధిస్తోంది. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేసీ కాలువకు 39.9 టీఎంసీలు ఇచ్చింది. అందులో తుంగభద్ర డ్యాం నుంచి రావాల్సింది 10 టీఎంసీలే. మిగతాది నదిలో వరద ఉన్నప్పుడు పట్టుకోవాలి. సుంకేసుల బ్యారేజీలో నిలిచేది మాత్రం 1.2 టీఎంసీలు. వరదంతా కళ్ళెదుటే కిందికి పోతుంటే, నారు పోసిన రైతుకు ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

శ్రీశైలం నీళ్ళు బనకచర్ల రెగ్యులేటర్ మీదుగా కేసీకి ఇస్తున్నాం కదా అన్నది అధికారుల మాట. దిగువ ఆయకట్టు వరకు అది నిజమే. ఎగువనున్న కర్నూలు పొలాలకు ఆ నీళ్ళు ఎక్కవు, వాటికి తుంగభద్రే దిక్కు. అందుకే సుంకేసులకు ఎగువన 20 టీఎంసీల గుండ్రేవుల అడుగుతున్నారు. 2019లో పరిపాలనా అనుమతి వచ్చింది, పనులు మాత్రం మొదలవలేదు. ముంపు తెలంగాణ వైపూ ఉంటుంది కాబట్టి ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి. రైతులు కొత్త వాటా కోరడం లేదు, ట్రిబ్యునల్ ఇచ్చిన నీళ్ళను నిలుపుకునే చోటు అడుగుతున్నారు.