దారి సగమే మూసుకుపోతే

ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ (గర్భసంచి బయట, ఎక్కువగా ఫెలోపియన్ ట్యూబ్‌లో గర్భం నిలవడం), పెల్విక్ ఇన్ఫెక్షన్ (గర్భసంచికి, ట్యూబ్‌లకు సోకే ఇన్ఫెక్షన్) రెండూ ఒకేసారి ఉండొచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. ఉండొచ్చు, కానీ అరుదు. ఇన్ఫెక్షన్ వల్ల ఎక్టోపిక్ వచ్చినవారిలో ఎక్కువమందికి అది ఎప్పుడో వచ్చి తగ్గిపోయి ఉంటుంది. అది ట్యూబ్‌లో వదిలిన మచ్చల దగ్గర తర్వాతెప్పుడో పిండం చిక్కుకుంటుంది.

మరి అండాన్ని గర్భసంచికి చేర్చే ఈ ట్యూబ్ పాడైతే అసలు గర్భమే రాకూడదు కదా? నన్ను బాగా ఆకట్టుకున్న ప్రశ్న ఇదే. వీర్యకణం తల పొడవు 0.005 మిల్లీమీటర్లే, పైగా తోకతో తనే ఈదుతుంది. అండం వ్యాసం 0.1 మిల్లీమీటరు పైమాటే, దానికి ఈత రాదు. ట్యూబ్ లోపలి గోడ మీద శైలికలనే అతి సన్నని వెంట్రుకలుంటాయి. గాలికి పైరు ఒరిగినట్టు అవి సెకనుకు కొన్నిసార్లు గర్భసంచి వైపు వాలి లేస్తూ, కండరాల కదలికతో కలిసి అండాన్ని నెడతాయి. ఫలదీకరణ ట్యూబ్‌లోనే జరుగుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిండం గర్భసంచి చేరాలి. ఆరేడు రోజులకు దానికి అతుక్కునే గుణం వస్తుంది, అప్పుడు ఎక్కడుంటే అక్కడే పాతుకుంటుంది.

లైంగికంగా సోకే గనోరియా బ్యాక్టీరియా ట్యూబ్‌లో శైలికలు లేని కణాలకే అంటుకుంటుంది. విచిత్రంగా, ఊడిపోయేవి పక్కనున్న శైలికల కణాలు! బ్యాక్టీరియా వదిలే పొర ముక్కలు, వాటికి స్పందించి శరీరం విడుదల చేసే టీఎన్‌ఎఫ్ అనే వాపు కలిగించే ప్రోటీన్ కలిసి ఈ పని చేస్తాయి. అలాగే సోకే మరో బ్యాక్టీరియా క్లామిడియా అయితే కణాల లోపలే పెరుగుతుంది, చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. ఇలా దెబ్బతిన్న ట్యూబ్ లోపలి మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి మూసిన గదులవుతాయి. పైరు మధ్య బోడి నేల మిగులుతుంది. ఈదే వీర్యకణం దాన్ని దాటేస్తుంది, నెట్టేవాళ్లు లేని పిండం ఆగిపోతుంది. పూర్తిగా మూసుకుపోయిన ట్యూబ్ కన్నా సగం చెడిన ట్యూబే ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే. బరువులెత్తిందనో, శాపం తగిలిందనో ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీని నిందించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

గర్భం వచ్చాక గర్భాశయ ముఖద్వారం దగ్గర చిక్కటి జిగురు బిరడాలా నిలిచి, సూక్ష్మజీవుల్ని పైకి రానివ్వదు. ఎక్టోపిక్, ఇన్ఫెక్షన్ రెండూ కలవడం అరుదు కావడానికి అదొక కారణం. కలిస్తే మాత్రం రోగ నిర్ధారణ తప్పుదారి పడుతుంది. జ్వరం, పొత్తికడుపు నొప్పి చూసి యాంటీబయాటిక్స్ ఇస్తే, మరోపక్క ట్యూబ్ పగిలే దాకా పోవచ్చు. అందుకే ఇన్ఫెక్షన్ ఖాయమని తేలినా గర్భ పరీక్ష చేయాల్సిందే. పాజిటివ్ వస్తే ట్రాన్స్‌వజైనల్ స్కాన్ (యోని ద్వారా చేసే స్కాన్), స్పష్టత రాకపోతే 48 గంటల తేడాతో రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్ చూస్తారు. కళ్లు తిరగడం, భుజం కొనలో నొప్పి ఉంటే లోపల రక్తస్రావం జరుగుతున్నట్టు అనుమానించి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇన్ఫెక్షన్ సాధారణంగా రెండు ట్యూబ్‌లనూ దెబ్బతీస్తుంది. ఎక్టోపిక్ వల్ల ఒకటి తీసేసినా రెండోదానిలో ఆ మచ్చలు ఉండొచ్చు. కాబట్టి తర్వాతి గర్భం నిలిచిందని తెలియగానే డాక్టరుకు పాత సంగతి చెప్పి, తొలివారాల్లోనే స్కాన్ చేయించుకోవాలి.