తూటా దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు: అపోహలు – వాస్తవాలు

ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసిన తుపాకులు తిరిగి ఇళ్లకు చేరగానే మా శ్రీకాకుళంలో నాకు ఫోన్లు మొదలవుతాయి. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చేసి వచ్చాను కాబట్టి, బ్యాంకు గార్డులుగా ఉన్న మాజీ సైనికులూ, తండ్రి తుపాకీని తమ పేరున మార్పించుకున్న రైతులూ నన్నే అడుగుతారు. చాలామంది నోట ఒకటే మాట: "లోపలికి దూరింది కద సార్, సరిపోయినట్టే."

సరిపోయినట్టు కాదు. 12 బోరు (బోరు అంటే బారెల్ లోపలి వెడల్పు కొలత) తూటాలన్నీ ఒక పొడవు ఉండవు. పాత తుపాకుల్లో చాలావాటికి ఛాంబర్, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే గది, రెండున్నర అంగుళాలు, సుమారు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు 70 మిల్లీమీటర్ల తూటాలు మామూలైపోయాయి. పెట్టె మీద వేసేది తూటా పేలి, మూతి మడత విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలకముందు పొట్టిగానే ఉంటుంది కాబట్టి 65 ఛాంబర్లోకి హాయిగా దూరుతుంది, తుపాకీ మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కాక మడత విచ్చుకోవడానికి చోటుండదు. తూటాలోని సీసపు గుళ్లు ఆ ఇరుకులోంచే పోవాలి, వెనకాల ఒత్తిడి పెరిగిపోతుంది. మొదటి తూటాకే బారెల్ పగలాలని లేదు. అందుకే "ఎన్నాళ్లనుంచో కాలుస్తున్నాం, ఏమీ కాలేదు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఉద్దానం వైపు జీడితోట ఉన్న ఒకాయన తండ్రి తుపాకీ పట్టుకొచ్చాడు. "భుజానికి మరీ తన్నుతోంది సార్, స్ప్రింగు చూడండి" అన్నాడు. స్ప్రింగు బాగానే ఉంది. బారెల్ విప్పి అడుగున చూస్తే 65 అని ఉంది, ఆయన సంచిలో ఉన్నవన్నీ 70లు. కీలు దగ్గర తుపాకీ అప్పటికే వదులైపోయింది. విషయం చెప్పగానే పాపం ఆయన చేతులు వణికాయి. కేసవుతుందేమోనని టెన్షన్. లైసెన్సున్న తుపాకీ, కొన్న తూటాలు, ఇందులో కేసేముంది? ఆ తుపాకీ ఇక కాల్చొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

ఇంకో ప్రమాదం 12 కంటే సన్నగా ఉండే 20 బోరు తూటా. అది 12 బోరు ఛాంబర్ దాటి జారి, బారెల్లో ఇరుక్కుంటుంది. ఛాంబర్ ఖాళీగా ఉందనుకుని వెనక 12 తూటా పెట్టి కాలిస్తే బారెల్ పగులుతుంది, బారెల్ కింద పట్టుకున్న చేయి పోతుంది. 20 బోరు తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే.

ఖాళీ తూటాలు మళ్లీ నింపుకుంటే చవక అని కుర్రాళ్లు వీడియోలు చూసి అడుగుతున్నారు. లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు. విదేశాల్లో రైఫిల్ తూటాలు చట్టబద్ధంగా నింపుకునేవాళ్లు మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. బల్ల మీద ఒక రకం మందే ఉంచుతారు, బుల్లెట్ బిగించే ముందు ప్రతి కేసులోకీ (తూటా ఖాళీ గొట్టంలోకి) లైటు వేసి చూస్తారు. ఒక్క కేసులో మందు పడకపోయినా ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే బిళ్ల) దెబ్బకు బుల్లెట్ బారెల్లోకి వెళ్లి ఆగిపోతుంది. నాటు తుపాకీలో వాడే నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కొలతతో పొగరాని మందు పోస్తే తుపాకీయే పేలుతుంది. ఇది కంటి లెక్కకు అందే పని కాదు.

తుస్సుమని బలహీనంగా పేలితే రెండోది కాల్చకండి. తూటాలన్నీ తీసేసి, బారెల్లో ఏదైనా ఇరుక్కుందేమో వెనకవైపు నుంచి చూడండి. అసలు పేలకపోతే వెంటనే తెరవకండి. తుపాకీ మూతిని మనుషులు లేని వైపే ఉంచి నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి.

చెమ్మ తగిలిందని తూటాల్ని వడియాల్లా ఎండబెట్టకండి, వేడికి మందు చెడుతుంది. నూనె రాయకండి, ప్రైమర్ పాడవుతుంది. తోలు బెల్టులో వదిలేస్తే ఇత్తడికి చిలుం పడుతుంది.

ఛాంబర్ పొడవు తెలియనివాళ్లు తుపాకీని ఖాళీ చేసి, లైసెన్సు పుస్తకంతో తీసుకురండి. తూటాలు వేరే సంచిలో, పెట్టెతో సహా తెండి. పెట్టె మీద అంకె చూస్తే గాని నేను ఏమీ చెప్పలేను.